తినని ముద్దకు లెక్క చెబుదాం



శ్రమకాలంలో ఉన్నాం. భస్మ బుధవారం నుంచి ఈస్టరు దాకా, మధ్యలో వచ్చే ఆదివారాలు తీసేస్తే 40 రోజులు. లూథరన్, సి.ఎస్.ఐ., బాప్టిస్టు, కథోలిక సంఘాలవాళ్ళు ఒక తీరుగా ఈ కాలాన్ని ఆచరిస్తారు, పెంతెకొస్తు సంఘాలవాళ్ళు మరో తీరుగా ఆచరిస్తారు. శ్రమకాలం పాటించని సహవాసాల్లోనూ శుక్రవారం ఉపవాస కూటం మాత్రం తప్పదు. ఏ ఊరికి వెళ్ళినా గుడి గోడ మీదో, రోడ్డు పక్క ఫ్లెక్సీ మీదో ఉపవాస ప్రార్థన అన్న మాట కనిపిస్తుంది. ఇంత ఉపవాసం చేసే ప్రజలం మనం. అందుకు దేవునికి స్తోత్రం. అయితే ఇన్నేళ్ళుగా మనం చేసిన ఉపవాసం వల్ల మన ఊళ్ళో ఎవరి కడుపు నిండింది? ఎవరి అప్పు తీరింది? మాటలు మానేసిన ఏ అన్నదమ్ములు మళ్ళీ ఒక గడప తొక్కారు? ఈ ప్రశ్నలు సంఘంగా కూర్చుని వేసుకోవలసిన సమయం వచ్చింది.

ముందు ఆ ఉపవాస కూటం చాప మీద ఎవరు కూర్చున్నారో చూద్దాం.

శుక్రవారం పదిన్నర. గుడిలో చాపలు పరిచి ఉంటాయి. వచ్చినవాళ్ళలో దాదాపు అందరూ ఆడవాళ్ళే. అందులో ఒక తల్లిని చూడండి. తెల్లవారుజామున లేచి పొయ్యి వెలిగించింది. పిల్లలకు క్యారేజీలు కట్టింది. మగాయనకు అన్నం, కూర వండి మూతపెట్టింది. పోపు వేగుతున్న వాసన పీలుస్తూనే తాను మాత్రం గ్లాసుడు మంచినీళ్ళు తాగి బయలుదేరింది. ఒడిలో చంటిబిడ్డ. కొంగు ముడిలో పది రూపాయల కానుక. బైబిలు మధ్యలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. అందులో ఆయన తాగుడు మానాలని, కొడుక్కి పని దొరకాలని, కూతురికి మంచి సంబంధం రావాలని రాసుంది. మూడింటికి కూటం ముగుస్తుంది. ఇంటికి వెళ్ళగానే మళ్ళీ పొయ్యి దగ్గరికే. సాయంత్రం ఆమె నోట్లోకి వెళ్ళే మొదటి ముద్ద, అందరూ తిన్నాక మిగిలింది.

మన సంఘాలు నిలబడింది ఇలాంటి తల్లుల మోకాళ్ళ మీదే. అందులో నాకు ఇసుమంతైనా అనుమానం లేదు. కానీ తండ్రులేరి? పెద్దలేరి? కమిటీ సభ్యులేరి? యవ్వనస్థులేరి? పనిరోజు కదా అంటారు. ఆ తల్లికి పనిరోజు కాదా? ఆ రోజు కూలి ఆమె పోగొట్టుకోలేదా? ఉపవాసాన్ని స్త్రీల సమాజానికి అప్పజెప్పి మిగిలిన సంఘమంతా చేతులు దులుపుకుంది. నేను ఈ మాట కోపంతో రాయడం లేదు, దుఃఖంతో రాస్తున్నాను. సంఘమంతా మోయవలసిన భారాన్ని సగం సంఘం మీద, అదీ ఎక్కువ అలసిపోయిన సగం మీద మోపాం.

లేఖనాల్లో ఉపవాసం ఇలా లేదు. యోవేలు ప్రవక్త బూర ఊదించి ఉపవాసం చాటించినప్పుడు ఎవరెవరిని పిలిచాడో చదవండి. ముసలివాళ్ళను పిలిచాడు, పిల్లలను పిలిచాడు, పెళ్ళి గదిలో ఉన్న కొత్త పెళ్ళికొడుకును కూడా బయటికి రమ్మన్నాడు. యాజకులు మంటపానికీ బలిపీఠానికీ మధ్య నిలబడి ఏడవాలన్నాడు. నీనెవెలో రాజే సింహాసనం దిగి బూడిదలో కూర్చున్నాడు. షూషనులో ఎస్తేరు రాణి తాను ఒక్కతే ఉపవాసం ఉండి ఊరుకోలేదు. పట్టణంలోని యూదులందరినీ సమకూర్చమని మొర్దెకైకి కబురు పంపింది. అంతియొకయ సంఘంలో ప్రవక్తలు, బోధకులు ఉపవాసముండి ప్రార్థించినప్పుడే బర్నబాను, సౌలును బయటికి పంపమన్న పిలుపు వచ్చింది. సువార్త మన దాకా రావడానికి దారి తీసిన ప్రయాణాల్లో ఒకటి ఆ ఉపవాస కూటంలోనే మొదలైంది.

వీటన్నిటిలో నెహెమ్యా దగ్గర కాస్త ఆగాలి. ఉపవాసం ఎక్కడ మొదలై ఎక్కడి దాకా వెళ్ళాలో ఆయన జీవితంలో కనబడినంత స్పష్టంగా ఇంకెక్కడా కనబడదు.

అతను ఉద్యోగస్థుడు. పారసీక రాజు దగ్గర పానదాయకుడు. షూషను కోటలో మంచి కొలువు, రాజు నమ్మకం, దేనికీ లోటు లేదు. యెరూషలేము గోడ కూలిందని, అక్కడి జనం అవమానంలో ఉన్నారని సహోదరుడు హనానీ వచ్చి చెప్పాడు. నెహెమ్యా కూలబడి ఏడ్చాడు. కొన్ని దినాలు తిండి మానాడు. ప్రార్థన మొదలుపెట్టి, మా పితరులు పాపం చేశారని ఊరుకోకుండా, నేనూ నా ఇంటివాళ్ళమూ చేశామని ఒప్పుకున్నాడు. కిస్లేవు నెలలో ఆ కబురు వింటే, రాజు ముందు నోరు విప్పింది నీసాను నెలలో. అంటే ఆ నెలలన్నీ ఆ భారాన్ని గుండెల్లో మోస్తూనే కొలువు చేశాడు. తర్వాత సెలవు తీసుకుని, కలప కోసం ఉత్తరాలు రాయించుకుని బయలుదేరాడు. రాత్రిపూట కొద్దిమందినే వెంటబెట్టుకుని, ఉన్న ఒక్క పశువు మీద, కూలిన గోడ చుట్టూ తిరిగి చూశాడు. గోడ 52 రోజుల్లో లేచింది. కంసాలులు కట్టారు, సుగంధద్రవ్యాలు చేసేవాళ్ళు కట్టారు, షల్లూము తన కూతుళ్ళతో కలిసి కట్టాడు. ఎవరి ఇంటికి ఎదురుగా ఉన్న ముక్క వాళ్ళే కట్టుకున్నారు. తెకోవ గొప్పవాళ్ళు మాత్రం మెడ వంచలేదని కూడా ఆ గ్రంథంలో రాసి పెట్టి ఉంది. పని చేసినవాళ్ళ పేర్లతో పాటు చేయనివాళ్ళ సంగతీ లేఖనం మరిచిపోలేదు.

అంతటితో ఆగినా గొప్ప సంగతే. కానీ ఐదో అధ్యాయం చదవండి. గోడ లేస్తుండగానే పేదవాళ్ళ గోల వినబడింది. ధాన్యం కోసం పొలాలు తాకట్టు పెట్టాం, పన్ను కట్టడానికి అప్పు చేశాం, మా పిల్లలను దాస్యానికి అప్పగించాల్సి వస్తోంది అని తల్లులూ తండ్రులూ మొరపెట్టారు. అప్పిచ్చింది పరాయివాళ్ళు కాదు, సొంత సహోదరులే. నెహెమ్యా పెద్దలను నిలదీశాడు. తానూ తన మనుషులూ అప్పులిచ్చిన సంగతి దాచలేదు. పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్ళు, తీసుకున్న వడ్డీ ఆ రోజే తిరిగి ఇచ్చేయమన్నాడు. వాళ్ళు సరే అన్నారు. అధికారిగా తనకు రావలసిన భోజన భత్యాన్ని 12 ఏళ్ళు ముట్టలేదు. కన్నీళ్ళతో మొదలైన ఉపవాసం అప్పుపత్రాల దాకా నడిచి వచ్చింది. 

మన సంఘాల్లో ఈ ఐదో అధ్యాయం మీద ఎన్ని ప్రసంగాలు విన్నాం? నూటికి మూడు రూపాయల వడ్డీకి, ఐదు రూపాయల వడ్డీకి తోటి విశ్వాసికే అప్పిచ్చి, శుక్రవారం అదే చాప మీద పక్కపక్కన కూర్చుని ఆమేన్ అనే సంఘాలు మనకు తెలియనివి కావు. అప్పు ఇచ్చినవాళ్ళ తలుపు ముందు వెళ్ళలేక ఆదివారం ఆరాధనకే రావడం మానేసిన కుటుంబాలున్నాయి. యెషయా 58వ అధ్యాయం మాట్లాడేది ఈ రకం ఉపవాసం గురించే. ఆ జనం తలలు వంచారు, గోనె కట్టుకున్నారు, మేం ఇంత చేస్తే నువ్వు చూడవేమని దేవుణ్ణి అడిగారు కూడా. ఉపవాసం రోజునే పనివాళ్ళ చేత కఠినంగా పని చేయించుకున్నారు, కొట్లాడుకున్నారు. దేవుడు కోరింది కాడి విరగ్గొట్టడం, ఆకలిగొన్నవాడితో అన్నం పంచుకోవడం, నిలువ నీడ లేనివాణ్ణి ఇంట్లోకి తేవడం. అక్కడ దేవుడు ఉపవాసాన్ని రద్దు చేయలేదు. దాన్ని గుడి గోడల మధ్య నుంచి పొలంలోకీ వంటింట్లోకీ నడిపించాడు.

ఇంకో సంగతి కూడా మనం మరిచిపోకూడదు. యెజెబెలు రాణి కూడా ఉపవాసం చాటించింది. నాబోతు ద్రాక్షతోట కావాలి. పట్టణమంతా ఉపవాసం పెట్టించి, నాబోతును జనం ముందు కూర్చోబెట్టి, అబద్ధ సాక్ష్యంతో రాళ్ళతో కొట్టించి చంపించింది. తర్వాత ఆ తోట ఆమె భర్త అహాబు రాజు చేతికి వచ్చింది. బైబిల్లో ఉపవాసం పేరుతో జరిగిన భూకబ్జా అది. కాబట్టి ఉపవాసం అనే మాట వినబడిన చోటల్లా భక్తి ఉందని అనుకోనక్కర్లేదు. సంఘాల్లో స్థలాల తగాదాలు, పదవుల తగాదాలు ఉన్నప్పుడు పోటీ ఉపవాసాలు పెట్టుకోవడం, ఎదుటి వర్గం నాశనం కోసం ప్రార్థించడం దేవుని దృష్టిలో ఎటువంటిదో ఆ అధ్యాయం చదివితే అర్థమవుతుంది.

మన నేల మీద ఒక మంచి సాక్ష్యం ఉంది. ఒంగోలులో ఉన్న ఒక కొండను ప్రార్థన కొండ అంటారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఐదుగురు ఆ కొండెక్కారు. మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సయ్య, జూలియా, రూతు. నెల్లూరులో బాప్టిస్టు మిషను మొదలై అప్పటికి 14 ఏళ్ళు. ఫలితం కనబడక, ఆ పని మూసేద్దామా అని అమెరికాలోనే చర్చ జరుగుతున్న కాలమది. కింద ఒంగోలు పట్టణాన్ని చూస్తూ ఆ ఐదుగురూ మోకరించి, ఇక్కడికి ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. అలా అడిగిన సేవకుడు, మిషనరీ జాన్ క్లఫ్, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్ళు పట్టింది. ప్రార్థించిన మర్నాడే జవాబు రాలేదని విసిగిపోయే మనకు ఆ పన్నెండేళ్ళే ఒక పాఠం.

తర్వాత 1876–78 కరువు వచ్చింది. తినడానికి గింజ లేక జనం రాలిపోతున్న రోజులు. క్లఫ్ ఆ జనాన్ని ప్రార్థనలు చేసుకుంటూ ఉండమని వదిలేయలేదు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకున్నారు. ఊరూరి నుంచి వచ్చిన మాదిగ కుటుంబాలకు, ఆకలితో వచ్చిన మిగతా కులాలవాళ్ళకు అక్కడ పని దొరికింది, కూలి దొరికింది. సంఘ బోధకులే పనివాళ్ళ మేస్త్రీలయ్యారు. అలసి కూర్చున్న వేళ సువార్త చెప్పారు. బాప్తిస్మం కావాలని వందలమంది అడిగినా, అన్నం కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని కరువు సాయం ముగిసేదాకా క్లఫ్ ఇవ్వలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నీళ్ళలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. ఆ సంఖ్యను మనం వార్షికోత్సవాల్లో గర్వంగా చెప్పుకుంటాం. దాని వెనక కొండ మీద మోకాళ్ళూ ఉన్నాయి, కాలువలో పారలూ తట్టలూ ఉన్నాయి. ఈ రెండింట్లో ఒకటి తీసేసి ఆ చరిత్ర చెప్పడం కుదరదు.

ఆదిమ సంఘాలు ఈ సంగతిని ఎంత వివరంగా పట్టించుకున్నాయో చూడండి. రెండో శతాబ్దంలో రోములో రాసిన హెర్మాసు కాపరి అనే పుస్తకం, ఉపవాసం రోజున రొట్టె, నీళ్ళతో సరిపెట్టుకుని, ఆ రోజు తిని ఉంటే ఎంత ఖర్చయ్యేదో లెక్కగట్టి, ఆ సొమ్మును విధవరాలికో, తల్లిదండ్రులు లేని బిడ్డకో, లేనివాడికో ఇవ్వమని చెబుతుంది. అదే శతాబ్దంలో ఏథెన్సు తత్వవేత్త అరిస్తీదు రోమా చక్రవర్తికి క్రైస్తవుల గురించి రాస్తూ, తమలో పేదవాడుండి, ఇవ్వడానికి తమ దగ్గర మిగులు లేకపోతే రెండు మూడు రోజులు పస్తుండి అతనికి అన్నం పెడతారని సాక్ష్యమిచ్చాడు. లేనివాళ్ళే లేనివాడి కోసం పస్తున్నారు!

మనకూ ఆ వాడుక ఉంది. మన అమ్మమ్మలు, నాయనమ్మలు ఎసట్లో బియ్యం వేసే ముందు పిడికెడు తీసి వేరే కుండలో వేసేవాళ్ళు. ఆదివారం ఆ కుండ గుడికి వచ్చేది. మిజోరాంలో ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910లో మొదలుపెట్టిన పిడికెడు బియ్యం ఇప్పటికీ ఆగలేదు. ఆ పిడికిళ్ళతోనే వాళ్ళు సేవకులను దూర ప్రాంతాలకు పంపి పోషిస్తున్నారు. మన దగ్గర కవర్లు, క్యూఆర్ కోడ్లు వచ్చాక ఆ కుండ అటక ఎక్కింది.

ఒక్కసారి లెక్క వేయండి. మనిషికి పూటకు నూట యాభై గ్రాముల బియ్యం అనుకుందాం. వందమంది ఉన్న సంఘం, భస్మ బుధవారం తర్వాత వచ్చే శుక్రవారం మొదలు శుభ శుక్రవారం దాకా 7 శుక్రవారాలు ఒక్కపూట మానితే 105 కిలోలు. క్వింటాలు దాటింది. పప్పు, నూనె, కూరల సొమ్ము వేరే. ఆ బియ్యం ఇప్పుడెక్కడుంది? మన డబ్బాల్లోనే ఉంది. మధ్యాహ్నం తిననిది రాత్రికి బిరియానీగా మనమే తినేశాం. తినని ముద్ద మనది కాదు, ప్రభువుకు ఇచ్చింది. ప్రభువుకు ఇచ్చిన ముద్ద మళ్ళీ మన కంచంలోకి ఎలా వచ్చింది?

ఇక శరీరం సంగతి మాట్లాడాలి. ఇది తేలిక సంగతి కాదు, సంఘ కాపరులు ముఖ్యంగా వినాలి. ఉపవాసం పేరుతో ప్రాణం మీదకు తెచ్చుకోమని ప్రభువు ఎవరినీ అడగలేదు. షుగరుకు ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతున్నవాళ్ళు తిండి మానేసి మందు మాత్రం వేసుకుంటే రక్తంలో చక్కెర పడిపోతుంది. 70 కంటే తగ్గితే చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబాటు మొదలవుతాయి. కూటంలో ఒక అమ్మ ఒళ్ళంతా చెమట పట్టి వణుకుతుంటే అది ఆత్మ ఆవేశమనుకుని చుట్టూ చేరి గట్టిగా ప్రార్థించడం ప్రమాదం. స్పృహలో ఉంటే వెంటనే చక్కెర నీళ్ళు పట్టాలి, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ప్రతి ఉపవాస కూటంలో గ్లూకోజు పొడి డబ్బా ఒకటి ఉండాలి. ఫిట్స్ మాత్రలు, టీబీ మందులు, గుండె మందులు ఉపవాసమని మానకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు తిండి మాననక్కర్లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగం మందికి పైగా స్త్రీలు రక్తహీనతతో ఉన్నారు. అలాంటి తల్లుల చేత 21 రోజులు, 40 రోజులు అంటూ పోటీ మీద ఉపవాసం చేయించడం ఏ న్యాయం? కథోలిక సంఘ చట్టమైతే ఉపవాస నియమాన్ని 18 నిండినవాళ్ళ నుంచి 59 నిండేవాళ్ళ వరకే పెట్టింది, వ్యాధిగ్రస్తులకు మినహాయింపు ఇస్తారు. ఆ వివేకం మనందరికీ కావాలి.

ఈ కాలం ఎండాకాలంలోకి వస్తుంది. మార్చి, ఏప్రిల్ ఎండలో మిరప కోతకో, ఉపాధి హామీ పనికో వెళ్ళేవాళ్ళు నీళ్ళు మానకూడదు. ఎస్తేరు మూడు రోజులు నీళ్ళు కూడా ముట్టలేదంటే అది జాతి మొత్తం ప్రాణాపాయంలో ఉన్న గడియ. దానియేలు మూడు వారాలు రుచికరమైన భోజనం, మాంసం, ద్రాక్షారసం మానాడు, అదీ ఉపవాసమే. ఒంట్లో సత్తువ లేనివాళ్ళు కూర మానవచ్చు, టీ మానవచ్చు, సెల్‌ఫోను మానవచ్చు. దేవుడు ఇవన్నీ తక్కువగా చూడడు. సౌలు రాజు యుద్ధం మధ్యలో సైనికులకు తిండి నిషేధించి శాపం పెడితే, ఆ సంగతి తెలియని యోనాతాను కాస్త తేనె నాకాడు, కళ్ళు తేటబడ్డాయి. తండ్రి దేశాన్ని కష్టపెట్టాడని అతనే అన్నాడు. మిగిలిన జనం ఆకలికి తాళలేక సాయంత్రానికి పశువులను కోసి రక్తంతోనే తినేశారు. బలవంతపు ఉపవాసం జనాన్ని పాపంలోకే నెట్టింది.

2016లో ఒషుమి అనే జపాను శాస్త్రవేత్తకు నోబెల్ వచ్చాక, ఉపవాసం చేస్తే క్యాన్సరు పోతుందని నోబెల్ నిరూపించిందంటూ ప్రసంగాల్లో, వాట్సాప్‌లో చెబుతున్నారు. ఆయన పరిశోధించింది ముఖ్యంగా ఈస్టు కణాల్లో, కణం తనలోని పాత భాగాలను తానే అరిగించుకునే తీరు గురించి. రోగం కుదురుతుందని ఆయన చెప్పలేదు. దేవుని బల్ల దగ్గర నుంచి అబద్ధం మాట్లాడకూడదు, అది మంచి ఉద్దేశంతోనైనా సరే. ఉపవాసం వల్ల మనసుకు నెమ్మది వస్తుంది, నాలుక మీద అదుపు వస్తుంది, అలవాట్లు మన మీద ఎంత పెత్తనం చేస్తున్నాయో తెలుస్తుంది. ఆ మేలు చాలు. మందుల పని మందులను చేయనివ్వాలి.

మనసు కుంగినవాళ్ళ సంగతి కూడా అంతే. ఏలీయా బదరీ చెట్టు కింద పడుకుని చావు కోరుకున్నప్పుడు దేవుడు అతనికి ఉపవాసం విధించలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ నిద్రపోనిచ్చి మళ్ళీ తినిపించాడు. హోరేబు దాకా 40 రోజుల నడక ఆ తర్వాతి మాట. నిద్ర పట్టక, బతకాలని లేక నలిగిపోతున్న బిడ్డకు నీ విశ్వాసం చాల్లేదు, ఇంకా ఉపవాసం చెయ్యి అని చెప్పకండి. పక్కన కూర్చోండి, అన్నం కలిపి పెట్టండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మానసిక ఆరోగ్య సాయం కోసం 14416 అనే టెలీ మానస్ నంబరు ప్రతి గుడి నోటీసు బోర్డు మీద ఉండాలి.

ప్రార్థన గురించి ఒక్క మాట. మన విన్నపాల కాగితాల్లో మన ఇంటి సంగతులే ఎక్కువ. ఉద్యోగం, వీసా, పెళ్ళి, ఇల్లు. ఇవి అడగవద్దని ఎవరూ అనరు. తండ్రిని కాక ఎవరిని అడుగుతాం? కానీ నెహెమ్యాకు సొంత కొరత ఏదీ లేదు, దూరాన కూలిన గోడ కోసం ఏడ్చాడు. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైటు వెళ్ళి ఇళ్ళలో పనిచేస్తున్న మన అక్కచెల్లెళ్ళు ఉన్నారు. అక్కడ శుక్రవారమే సెలవు, శుక్రవారమే ఆరాధన. సెలవు దొరకని వాళ్ళు వంటగదిలో ఫోను చెవిన పెట్టుకుని ఊళ్ళో జరిగే కూటం వింటారు. మనం వాళ్ళ పేర్లు పెట్టి ప్రార్థిస్తున్నామా? సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే అన్నల కోసం, అప్పుల్లో మునిగిన కౌలు రైతుల కోసం, ఊరి బడి కోసం, మనల్ని ప్రేమించని వాళ్ళ కోసం పేరుపేరునా ప్రార్థించే కూటం ఒక్క గంటైనా ఉండాలి. పేరు పెట్టి ప్రార్థించినవాళ్ళ ఇంటికి వెళ్ళకుండా ఉండలేం. అందుకే పేర్లు కావాలి.

సంఘ పెద్దలారా, మీకు నా విన్నపం ఇది. వచ్చే ఆదివారం ప్రకటనల్లో మీరే నిలబడి, ఈ శుక్రవారం ఉపవాసం సంఘమంతటిదని చెప్పండి. పగలు పనికి వెళ్ళేవాళ్ళ కోసం సాయంత్రం ఏడింటికి కూటం పెట్టండి. ముందు వరుస చాప మీద మీరే కూర్చోండి. గుడి గుమ్మంలో ఒక బియ్యం డబ్బా పెట్టండి. దానికి ఒక పుస్తకం పెట్టి, ఎంత వచ్చిందో, ఎవరింటికి చేరిందో స్త్రీల సమాజం నుంచి ఇద్దరు, యవ్వనస్థుల నుంచి ఇద్దరు రాయనివ్వండి. పుచ్చుకున్నవాళ్ళ పేర్లు మాత్రం బయటికి చదవవద్దు. ఆ బియ్యం మన సంఘం గడప దాటాలి. విశ్వాసా, అవిశ్వాసా, ఏ కులం, ఏ మతం అని అడగకుండా ఆకలి ఉన్న ఇంటికి వెళ్ళాలి.

తోటి విశ్వాసికి అప్పిచ్చినవాళ్ళలారా, శుభ శుక్రవారం లోగా ఆ నోటు ఒకసారి బయటికి తీయండి. అసలు ముట్టినవాళ్ళ వడ్డీ వదిలేయండి. అసలు కూడా తీర్చలేని స్థితిలో ఉన్న కుటుంబాన్ని పిలిచి, ఆ కాగితం వాళ్ళ చేతిలో పెట్టండి. నెహెమ్యా కాలంలో పెద్దలు సరే అన్నారు. మీరూ అనగలరు.

భర్తలారా, తండ్రులారా, శుక్రవారం మీ ఇంటి ఇల్లాలు ఉపవాసం ఉంటే ఆ రోజు పొయ్యి మీరు వెలిగించండి. ఆమె గుడికి వెళ్తుంటే చంటిబిడ్డను మీరు ఎత్తుకోండి. మీరు ఉపవాసం ఉంటే ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, నవ్వుతూ పనికి వెళ్ళండి. ప్రభువు చెప్పింది అదే.

యవ్వనస్థులారా, ఒంగోలు కొండ మీద ఆ రోజు ఐదుగురే ఉన్నారు. మీ సంఘంలో ఐదుగురు దొరకరా? ఈ శుక్రవారం ఆ ఐదుగురిలో మీరూ ఉండండి. మానిన పూట బియ్యం సంచిలో పోసుకుని రండి.